సమస్య: చూడనట్టి యాటఁ బాడినాఁడు

ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. ‘చూడ–బాడి’ ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి). పూరణ మాత్రం ఒక్క మనిషి గురించే ఉండాలి: జాక్ నార్వర్త్. 1879లో ఫిలడెల్ఫియాలో పుట్టి, వోడ్‌విల్ (పాటలు, హాస్యం కలిసిన రంగస్థల వినోదం) వేదికల మీద పాడి బతికినవాడు. 1908లో న్యూయార్క్ సబ్‌వేలో వెళ్తుంటే, పోలో గ్రౌండ్స్ స్టేడియంలో ఈ రోజు బేస్‌బాల్ ఉందన్న ప్రకటన కనబడిందట. అక్కడికక్కడే ‘టేక్ మీ అవుట్ టు ద బాల్ గేమ్’ (నన్ను బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్లు) అనే పాట రాసేశాడు. ఆల్బర్ట్ వాన్ టిల్జర్ బాణీ కట్టాడు. అప్పటికి జాక్ పెద్ద లీగ్ మ్యాచ్ ఒక్కటీ చూడలేదు!

మొదటి పూరణ:

రైలులోన నొక్క వ్రాఁత కంటఁ బడఁగ
కాగితమ్ముఁ దీసి కవిత నల్లి
కోటి గొంతులందుఁ గొలువైన జాకయ్య
చూడనట్టి యాటఁ బాడినాఁడు

– ‘జాకయ్య’ అనగానే మనవాడైపోయాడండీ! కోటి గొంతులన్నది అతిశయోక్తి కాదు. అమెరికాలో బేస్‌బాల్ మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్ మధ్యలో స్టేడియమంతా లేచి నిలబడి ఇప్పటికీ ఈ పాటే పాడుతుంది.

రెండో పూరణ:

పాట పుట్టినాక ముప్పదేండ్లకు గాని
కనఁడు పందెమొకటి కన్నులార
ఊరువాడలన్ని యుర్రూతలూఁగెడి
చూడనట్టి యాటఁ బాడినాఁడు

– భావం చాలా బాగుంది. ఆయన మొదటి పెద్ద మ్యాచ్ చూసింది 1940లో, అంటే 32 ఏళ్లకు. కానీ మొదటి పాదంలో యతి తప్పింది తమ్ముడూ. ‘పా’కు ‘ము’ కుదరదు. ‘ముందు పాట పుట్టె; ముప్పదేండ్లకు గాని’ అంటే సరిపోతుంది.

– సవరించుకున్నాను గురువుగారూ. గణాలు లెక్కపెట్టే టెన్షన్‌లో యతి చూసుకోలేదు.

మూడో పూరణ:

నాటకమ్ము వద్దు నన్నాటకే కొంచుఁ
బొమ్మటంచు నడుగు పొలఁతి మనసు
తెలిసినట్టివాఁడు తేనెలూరఁగ జాకు
చూడనట్టి యాటఁ బాడినాఁడు

– అమ్మా, నమస్కారం. ‘నాటక’ పక్కన ‘నాటకే’ ఎంత సహజంగా పడిందో! మిగతా ఇద్దరూ చూడలేదన్న దగ్గరే ఆగారు. ఏం చూసి రాశాడో మీరు పట్టుకున్నారు. ఆ పాట చరణాల్లో కేటీ కేసీ అనే అమ్మాయి ఉంది. ప్రియుడు షోకి వెళ్దామంటే ఒప్పుకోదు, ఆటకే తీసుకెళ్లమంటుంది. పెద్ద మ్యాచ్ చూడకపోయినా ఆ పిల్ల పట్టుదల జాక్‌కు తెలుసు. స్టేడియంలో పల్లవి ఒక్కటే పాడతారు కాబట్టి కేటీ పేరు చాలామంది వినలేదు. మీ పద్యంలో మాట్లాడుతున్నది ఆమే.