కార్తీకదీపం: డాక్టర్ బాబు అనుమానపడితే బాధ, వంటలక్క నమ్మకపోతే పొగరా?

రిమోట్‌_నాదే:
2024లో ‘ఇది నవ వసంతం’ అని రెండో భాగం మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో పాత కార్తీకదీపం సీరియల్ గొడవలు మళ్లీ లేచాయి. 2017 నుంచి 2023లో అయిపోయేదాకా ఏడున్నర అయితే టీవీ ముందు నుంచి కదలనిదాన్ని. చూడకుండా తిడుతోందని మాత్రం ఎవరూ అనొద్దు.

నా మంట డాక్టర్ బాబు, అదే కార్తీక్, పెళ్లాం దీపని (మన వంటలక్కని) అనుమానపడ్డాడని కాదు. ఆ అనుమానం లేకపోతే కథే లేదు. తనకి పిల్లలు పుట్టరని స్నేహితురాలు మోనిత నమ్మించింది, నమ్మాడు. విహారి ఒక రచయిత, దీపకి స్నేహితుడు, అంతే. అతనితో నవ్వుతూ మాట్లాడటమే దీప చేసిన నేరం. కడుపుతో ఇల్లు వదిలి, బస్తీలో వంటలు చేసుకుంటూ కూతురు సౌర్యని పెంచుకుంది. మరి మోనిత సంగతేంటి? ఎప్పుడు చూసినా ఈయన పక్కనే. ఈయన మీద ఆమెకి మనసుందని చూసేవాళ్లందరికీ తెలుసు, ఈయనకి తప్ప. భార్య మగాడితో మాట్లాడితే సంబంధం, తను ఆడదానితో తిరిగితే స్నేహం!

సరే, అది పాత్ర స్వభావం అనుకుందాం. మోనిత గర్భం ట్రాక్ గుర్తుందా, ఆ బిడ్డకి తండ్రి కార్తీకే అని గోల చేసింది? దీప మనసు విరిగి దూరం జరిగింది. అప్పుడు మా అత్తయ్య, “పాపం, పిల్లాడు ఎంత నలిగిపోతున్నాడో చూడు, ఈవిడకి కాస్త కూడా జాలి లేదు” అని కళ్లు తుడుచుకుంది. ఇదే అత్తయ్య, దీప ఏళ్ల తరబడి ఏ తప్పూ చేయకుండా మాటలు పడుతున్నప్పుడు ఏమందో తెలుసా? “ఆడదానికి అంత పంతం పనికిరాదు, వెళ్లి కాళ్లు పట్టుకుంటే పోయేదానికి.” చేయని తప్పుకి!

ఆయన ఏళ్లకేళ్లు నమ్మకపోతే అమాయకుడు. ఆమె కొన్నాళ్లు నమ్మకపోతే రాతిగుండె. మీ ఇళ్లలో కూడా ఇంతేనా? తిట్టాల్సింది రాసినవాళ్లనా, చూసే మనల్నా?

(నల్లమ్మాయి కష్టాలు చెప్పే సీరియల్లో నటికి నల్లరంగు పూసి కూర్చోబెట్టడం గురించి ఇంకో థ్రెడ్ పెడతా. ఇక్కడ మొదలుపెడితే తెల్లారిపోతుంది.)

తెల్లకోటు_తమ్ముడు:
అక్కా, నేను ల్యాబ్‌లో పనిచేస్తా. ఈ సీరియల్ వచ్చే టైమ్‌కి ఇంట్లో నన్ను గదిలోకి పంపేసేవాళ్లు, అంతలా అరిచేవాణ్ణి. వీర్య పరీక్ష ఒక్కసారి చేసి తేల్చేసేది కాదు. గట్టిగా జ్వరం వచ్చి తగ్గినా రెండు మూడు నెలలు వీర్యకణాల కౌంట్ పడిపోవచ్చు. అందుకే తేడా కనిపిస్తే కొన్ని వారాలు ఆగి మళ్లీ శాంపిల్ తీసుకుంటాం. ఈయన మామూలు మనిషి కాదు, గుండె డాక్టరు. తన దగ్గరికి వచ్చే పేషెంటుకి ఒక్క ఈసీజీ చూసి ఆపరేషన్ చేసేస్తాడా? ఇంకో ల్యాబ్‌కి వెళ్లలేదు సరే, డీఎన్ఏ టెస్టుకి ఏమైంది? దూది పుల్లతో చెంప లోపల రుద్దితే చాలు, సూది కూడా అక్కర్లేదు. సౌర్యేమో ‘రౌడీ’ అని పిలిపించుకుంటూ ఆయన చుట్టూనే తిరుగుతోంది. పుల్ల ఒక్కటే తక్కువ.

బస్తీ_బుల్లోడు:
అన్నీ డాక్టర్ బాబు నెత్తినే రుద్దకండి. తండ్రి ఎవరో సౌర్యకి చెప్పకుండా దాచింది దీప కాదా? నాన్న కోసం ఆ పిల్ల వెతుక్కుంటుంటే పక్కనే ఉండి నోరు మెదపలేదు. మగాడు దాస్తే మోసం, ఆడది దాస్తే ఆత్మాభిమానం. ఇది డబల్ స్టాండర్డ్ కాదా?

రిమోట్‌_నాదే:
బుల్లోడుగారూ, దాచింది నిజమే, ఆ ఎపిసోడ్లలో నాకూ ఒళ్లు మండింది. కానీ “నా బిడ్డ కాదు” అన్నవాడి దగ్గరికి వెళ్లి “మీ నాన్న ఈయనే” అని పిల్లకి చూపిస్తే, ఆ పిల్లకి ఎదురయ్యే జవాబేంటో కూడా ఆలోచించండి. దాచడం గురించే అయితే కార్తీక్ తల్లి సౌందర్యని వదిలేశారేం? దీపకి పుట్టింది కవలలు, వాళ్లలో హిమని తెచ్చి, అనాథ అని చెప్పి కొడుకు చేతిలో పెట్టింది. కన్నతల్లికి తెలియదు, కన్నతండ్రికీ తెలియదు. కోడలు నల్లగా ఉందని మొదట్లో ఈసడించుకున్నది కూడా ఈవిడే. అయినా మనందరికీ సౌందర్య అంటే దేవత. ఇంటి పెద్ద దాస్తే కుటుంబం కోసం, కోడలు దాస్తే అహంకారం.

నల్లకోటు_నాగమణి:
తెల్లకోటు వచ్చాడు కాబట్టి నల్లకోటు కూడా రావాలిగా. కార్తీక్ కోర్టుకెక్కి ఉంటే మొదటి వాయిదాలోనే చెమటలు పట్టేవి. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని సాక్ష్య చట్టం 112వ సెక్షన్ చెప్పేది. 2024 జులై నుంచి కొత్త చట్టంలో అదే 116 అయింది. కాదనాలంటే, బిడ్డ కడుపున పడే కాలంలో ఇద్దరికీ కలిసే అవకాశమే లేదని భర్తే రుజువు చేయాలి. వీళ్లేమో ఒకే ఇంట్లో కాపురం చేశారు. అడిగిన వెంటనే రక్తపరీక్షకి ఆర్డర్ ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. అదే కోర్టు 2014లో ఇంకో మాట కూడా అంది: డీఎన్ఏ రిపోర్టు నిక్కచ్చిగా వేరేగా చెబుతుంటే చట్టం ఊహని పట్టుకుని వేలాడక్కర్లేదని. ఏ దారిలో వెళ్లినా గెలిచేది దీపే. ఆరోపించినవాడే రుజువు చేయాలి, సీరియల్లో మాత్రం నింద పడ్డావిడ చేయాలి.

రిమోట్‌_నాదే:
నాగమణిగారూ, ఇది ఇప్పుడే అత్తయ్యకి చదివి వినిపించా. “కోర్టుకెళ్తే మొదటి వారంలోనే అయిపోయేదిగా, ఇక మనం ఏం చూసేవాళ్లం?” అంది. ఆవిడతో నాకు పడదు గానీ ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా చెప్పండి.