జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి అనంతపురం నుంచి నలుగురం వెళ్తున్నాం, టెంటులో నాలుగు రాత్రులు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

అనంత_చెనక్కాయ

అందరికీ నమస్తే. మేం నలుగురం ఇంజనీరింగ్‌లో ఒకే రూములో ఉన్నోళ్ళం, ఇప్పుడు ఇద్దరం అనంతపురంలో, ఇద్దరు బెంగళూరులో. సెప్టెంబరు చివర్లో అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో అనే లోయలో జరిగే జీరో ఫెస్టివల్‌కి పోవాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాం, ఈసారి లీవులు కూడా పెట్టేశాం. సినిమా పాటలు కాకుండా సొంతంగా రాసుకుని పాడే బ్యాండ్లంటే నాకు ప్రాణం, కానీ ఇన్నేళ్ళూ ఫోనులో వినడమే తప్ప ఎదురుగా నిలబడి విన్నది లేదు.

నా భయమంతా టెంటు గురించే. నలుగురికీ ఒకటి చాలుతుందా? ఇక్కడి నుంచి మోసుకుపోవాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? అక్కడ వాన గట్టిగా పడుతుందంటున్నారు. మన జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్లు, వానలో బయట పడుకోవడం మాలో ఎవరికీ తెలీదు. ఇంకొకటి, మాలో ఒకడు గుడ్డు కూడా ముట్టడు. ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు అని అమ్మ రోజూ టెన్షన్ పడుతోంది. ఆమెకు చెప్పడానికైనా నాకు సరైన జవాబులు కావాలి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

తమ్ముడూ, తప్పకుండా పోండి. మేం ముగ్గురం పోయొచ్చాం, రెండో రాత్రి మాకేం జరిగిందో ముందు చెప్తాను, అది తెలిస్తే మిగతాది సులువు.

మాది అద్దె టెంటు. వాళ్ళే వేసిచ్చారు, మేం చూసుకోలేదు. రాత్రి రెండు గంటలప్పుడు వీపు కింద చల్లగా తగిలి లేచి టార్చి వేస్తే, పైకప్పు పొడిగానే ఉంది, నీళ్ళు కింది నుంచి వస్తున్నాయి. నా సాక్సులు ఒక మూల తేలుతున్నాయి. బయటికొచ్చి చూస్తే, టెంటు కింద పరిచిన టార్పాలిన్ టెంటు కంటే జానెడు బయటికి ఉంది. పైబట్ట మీద నుంచి జారిన ప్రతి చుక్కా ఆ అంచు మీద పడి నేరుగా మా కిందికి పారుతోంది. వానలోనే ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు వైపులా అంచును లోపలికి మడిచాం. అంతే, నీళ్ళు రావడం ఆగిపోయింది. టార్పాలిన్ ఎప్పుడూ టెంటు అడుగు కంటే చిన్నదిగా ఉండాలి, ఒక్క వేలెడు కూడా బయటికి కనబడకూడదు.

నలుగురి టెంటు అని అమ్మేది బ్యాగులతో కలిపి ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి సరిపోతుంది. మీరు రెండు టెంట్లు తీసుకోండి. పైబట్ట లోపలి బట్టకు అంటుకోకుండా తాళ్ళు బిగించి కట్టాలి, అంటుకున్న చోటల్లా తడి లోపలికి దిగుతుంది. వాన లేని రాత్రి కూడా మన ఊపిరి తడే లోపల చుక్కలు కడుతుంది కాబట్టి గాలి కంతలు మూయొద్దు. చలికని అందరూ స్లీపింగ్ బ్యాగుకే డబ్బులు పెడతారు గానీ అసలు చలి నేలలో నుంచి ఎక్కుతుంది, కింద మంచి మ్యాట్ లేకపోతే ఎంత మందపు బ్యాగైనా దండగే.

సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడిపోతుంది, మన ఊళ్ళో లెక్క వేసుకుని ఆరింటిదాకా టైముంది అనుకోవద్దు, మూడుకల్లా టెంట్లు వేసేయండి. బురదకు షూలు పనికిరావు, జీరోలోని హాపోలి బజారులో గమ్‌బూట్లు కొనుక్కోండి.

ఇక పాటలు. స్టేజీలు అక్కడి అపతానీ జనం వెదురుతో కడతారు. పగటి స్టేజీకి సూర్యుడి పేరు, రాత్రి స్టేజీకి చంద్రుడి పేరు. వరి చేల మీద నుంచి మంచు దిగుతుంటే, ఒక్క ముక్క అర్థంకాని భాషలో ఒక అమ్మాయి పాడింది. నా పక్కన ముక్కూమొహం తెలియని పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు, నాకూ ఆగలేదు. తడిసిన బట్టల సంగతి ఆ పాట అయ్యేదాకా గుర్తులేదు.

పెన్నా_గట్టు (జమ్మలమడుగు)

పై అన్న చెప్పిందానికి ఒకటి కలుపుతాను. టెంటు కొనుక్కుని అక్కడికిపోయి మొదటిసారి విప్పొద్దు. మాకు పదిహేను కిలోమీటర్లలో గండికోట ఉంది, అక్కడికి టెంట్లు తెచ్చుకుని వచ్చేవాళ్ళను ఎప్పుడూ చూస్తుంటా. మేకులు రాతిలో దిగవు, లోయలో నుంచి గాలి లేచిందంటే టెంటు గాలిపటమైపోతుంది. రాళ్ళకు తాళ్ళు కట్టి నిలబెట్టడం ఇక్కడే నేర్చుకున్నా. కానీ మీకు అక్కడ ఎదురయ్యేది మెత్తటి నేల, మేకులు ఊడొస్తాయి. పొడుగాటి మేకులు తీసుకుని, తల టెంటుకు దూరంగా వంగేలా ఏటవాలుగా కొట్టండి.

వానకు పరీక్ష కావాలంటే మిద్దె మీద టెంటు వేసి, ఒకడు టార్చితో లోపల కూర్చుంటే, మిగతావాళ్ళు పైనుంచి బిందెలతో పోయండి. ఎక్కడ కారుతుందో ఇంట్లోనే తెలిసిపోతుంది.

బస్టాండు_వెనక_వీధి

ఫెస్టివల్ టికెట్ ఉంటే చాలనుకోవద్దు, అరుణాచల్‌లోకి మనకు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లోనే వస్తుంది, నలుగురూ ఎవరిది వాళ్ళు తీసుకుని ప్రింటు దగ్గర పెట్టుకోండి. బెంగళూరు నుంచి గువాహటికి రైలైతే రెండు రోజులకు పైనే, లీవులన్నీ దారిలోనే అయిపోతాయి, విమానంలో పోండి. దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు మన రోడ్డు వైపే కదా, ఊళ్ళోకి పోయే పని లేదు. గువాహటి నుంచి రాత్రి రైలు దోన్యీ పోలో ఎక్స్‌ప్రెస్‌లో నహర్లగున్, అక్కడి నుంచి షేర్ సుమోలో కొండదారి. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, స్టవ్ గ్యాస్ డబ్బా విమానంలోకి అసలు రానివ్వరు.

ఉగ్గాని_అక్క (గుంతకల్లు)

గుడ్డు తినని తమ్ముడి కోసం: అక్కడ మాంసం ఎక్కువే గానీ అన్నం, పప్పు, ఆకుకూరలు దొరుకుతాయి. అయినా ఇంటి నుంచి కటకటలాడే ఎండు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, బొరుగులు తీసుకుపోండి. రొట్టెలు వారం దాటినా చెడవు, వాటికి పొయ్యితో పని లేదు. తడి తగలకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టాలి, అదొక్కటే జాగ్రత్త.

ఇంకో మాట. అక్కడి వరి మళ్ళలో నీళ్ళు ఊరికే నిలబెట్టినవి కావు, అందులో చేపలు పెంచుతారు. ఫోటోల కోసం గట్లు తొక్కడం, మళ్ళలో ఏదైనా పారేయడం చేయొద్దు. మన చేలో ఎవరైనా అట్లా చేస్తే ఊరుకుంటామా?

అనంత_చెనక్కాయ

అందరికీ చాలా థ్యాంక్స్. పర్మిట్లకు నిన్ననే అప్లై చేశాం. రెండు టెంట్లు కొన్నాం, నిన్న రాత్రి మా మిద్దె మీద వేసి పన్నెండు బిందెలు పోశాం. ఒకటి గట్టిగా ఉంది. రెండోదానికి తలవైపు కుట్టు దగ్గర చుక్కచుక్కగా కారింది, కుట్ల మీద పూసే జిగురు తెప్పిస్తున్నాం, అది ఆరాక మళ్ళీ పోసి చూస్తాం. టార్పాలిన్‌ను నాలుగు వైపులా రెండంగుళాలు తక్కువ ఉండేలా కత్తిరించాం.

మేం నీళ్ళు పోస్తుంటే అమ్మ పైకొచ్చి, పొడిగా ఉన్న టెంటులోకి దూరి కాసేపు కూర్చుంది. బయటికొచ్చి జొన్నరొట్టెలు ఎన్ని చేయాలో అడిగింది. నలభై చెప్పాను.