తితిక్ష అంటే ఊరికే పడి ఉండడమేనా?

మొన్న ఇక్కడ తితిక్షకు తెలుగు మాట ఏదని ఒకరు అడిగితే అందరూ ఓర్పు, సహనం, తాళిమి అని రాశారు. తప్పేం లేదు, కానీ నాకు అంతటితో తీరలేదు.

మాది చిత్తూరు దగ్గర పల్లె, తోతాపురి మామిడి తోట. ఈసారి గాలివానకు సగం కాయ రాలిపోయింది. మిగిలింది కోసి ట్రాక్టర్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి తోలుకుపోతే గేటు ముందర రెండు రాత్రులు క్యూలోనే ఉన్నాం, కాయ మెత్తబడిపోతా ఉంది, మా నాయన ట్రాక్టర్ పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు, నాకు టెన్షన్‌తో కన్ను మూతపడలేదు. అప్పుడు గీత 2వ అధ్యాయం 14వ శ్లోకం గుర్తొచ్చింది. "ఆగమాపాయినోఽనిత్యాస్తాంస్తితిక్షస్వ భారత". చలీ వేడీ, సుఖం దుఃఖం వస్తాయి పోతాయి, ఓర్చుకో అని. మనసు కాస్త కుదుటపడింది. వెంటనే కోపమూ వచ్చింది, గాలివాన సరే, ఈ క్యూ కూడా ఓర్చుకోవాల్సిందేనా అని.

ఇంటికొచ్చి వ్యాకరణం తిరగేశాను. పాణిని సూత్రం (3.1.5) "గుప్తిజ్కిద్భ్యః సన్". గుప్, తిజ్, కిత్ అనే ధాతువులకు సన్ అనే ప్రత్యయం చేరుతుందని. అలా గుప్ నుంచి జుగుప్స, తిజ్ నుంచి తితిక్ష, కిత్ నుంచి చికిత్స. తిజ్ అంటే పదును పెట్టడం, తేజస్సు, తీక్ష్ణం కూడా అందులోంచి పుట్టినవే. అంటే తితిక్షలో మొద్దుబారడం లేదు. ఇంకా నన్ను ఆపేసింది దాని పక్కనున్న చికిత్స. వ్యాధికి ప్రతీకారం చేయడం చికిత్స. శంకరాచార్యుల పేరున ఉన్న వేదాంత గ్రంథం వివేకచూడామణి తితిక్షను "అప్రతీకారపూర్వకం" (ప్రతీకారం చేయకుండా), "చింతావిలాపరహితం" (దిగులూ ఏడుపూ లేకుండా) ఓర్చుకోవడం అంటుంది. (ఇక్కడ ప్రతీకారం అంటే మనం వాడే పగ కాదు, విరుగుడు.) ఆ మాట మోక్షం కోరేవాడి సాధన గురించి, శమం (మనసు అదుపు), దమం (ఇంద్రియాల అదుపు) వరసలో చెప్పింది. దాన్ని తెచ్చి రైతు ధర అడిగినప్పుడు "ఓర్చుకో నాయనా" అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. రాలిన కాయకు తితిక్ష, గేటు దగ్గర క్యూకు చికిత్స. ఊళ్లో వాళ్లమంతా కలిసి టోకెన్లు ఇవ్వమని అర్జీ పెట్టాం. ఏడుపు లేకుండా, అరుపులు లేకుండా రాసినందుకు మాత్రం ఆ వివేకచూడామణి శ్లోకానికే దండం పెట్టుకున్నా.

వ్యాఖ్య: బాగా చెప్పినావన్నా. కానీ మనోళ్లు "ఓర్చినమ్మకు తేటనీరు" అంటారు కదా, అందులో చికిత్స యాడుంది?

జవాబు: ఉంది తమ్ముడూ. మా అవ్వ నీవా ఏట్లో చెలమ తవ్వేది. ముందు చేతుల్తో ఇసుక తోడేది, ఊరిన బురదనీళ్లు రెండు మూడుసార్లు ఎత్తి బయట పోసేది. ఆ తర్వాతే బిందె పక్కన పెట్టుకుని, నీళ్లు కెలక్కుండా, తేటపడేదాకా కూర్చునేది.