రాబర్ట్ పూర్ 91.23 సగటును గొప్ప రికార్డుల్లో లెక్కపెట్టాలా?

స్కోర్‌బుక్:
1899 ఇంగ్లండ్ సీజన్‌లో హాంప్‌షైర్ కౌంటీ బ్యాటర్ మేజర్ రాబర్ట్ పూర్ 91.23 సగటుతో 1551 పరుగులు చేశాడు. 1930లో బ్రాడ్‌మన్ 98.66 కొట్టేదాకా ఆ సగటును ఎవరూ దాటలేదు. అయినా దాన్ని గొప్ప రికార్డుల్లో చేర్చకూడదన్నది నా వాదన. ఆడింది 21 ఇన్నింగ్సే, అందులో 4 నాటౌట్. అదే ఏడాది రంజిత్‌సింహ్‌జీ 3159 పరుగులు చేశాడు, సగటు 63.18. వేసవంతా ఆడేవాడికి అలసట ఉంటుంది, మధ్యలో ఫామ్ పోతుంది. సైన్యం నుంచి సెలవు మీద వచ్చి రెండు నెలలు ఆడిన పూర్‌కు ఆ బాధ లేదు.

మూడోస్లిప్:
స్కోర్‌బుక్ గారూ, తక్కువ ఆడాడన్నది ఒప్పుకుంటాను. కానీ ఆయన హుస్సార్ అనే అశ్వికదళంలో అధికారి, ఆటకు జీతం తీసుకోని అమెచ్యూర్. ఉద్యోగంలో సెలవు దొరికితేనే కదా ఆడగలడు! ఆడిన కాస్తలోనే 7 సెంచరీలు చేశాడు. టాంటన్‌లో సోమర్‌సెట్ మీద హాంప్‌షైర్ 5 వికెట్లు పడ్డాక క్రీజులో ఉన్న ఇద్దరూ సైనికాధికారులే: పూర్, కెప్టెన్ టెడ్డీ విన్యార్డ్. ఆరో వికెట్‌కు 411 పరుగులు జోడించారు! పూర్ 304, విన్యార్డ్ 225. అప్పటికి పూర్ వయసు 33. అంతకుముందు బొంబాయి గవర్నర్ లార్డ్ హారిస్‌కు ఏడీసీగా (సహాయక సైనికాధికారిగా) ఉంటూ మన దేశంలోనూ ఆడాడు. ఆయన ఆట రాత్రికి రాత్రి వచ్చింది కాదు.

స్కోర్‌బుక్:
మరి 1896 సంగతేంటి? దక్షిణాఫ్రికాలో కొలువు చేస్తూ, వాళ్ల తరఫునే ఇంగ్లండ్ మీద 3 టెస్టులు ఆడాడు. మొత్తం 76 పరుగులు, సగటు 12.66.

మూడోస్లిప్:
ఆ సిరీస్‌లో ఎదురుగా ఉన్నది ఇంగ్లండ్ బౌలర్ జార్జ్ లోమన్ అండీ. 5.80 సగటుతో 35 వికెట్లు తీశాడు. పోర్ట్ ఎలిజబెత్‌లో 7 పరుగులకే 8 వికెట్లు పడగొడితే దక్షిణాఫ్రికా జట్టంతా 30కి ఆలౌట్. అక్కడ పూర్ ఒక్కడే తేలిపోయాడా?

పెవిలియన్ ఎండ్:
1899 అక్టోబరులోనే దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లకూ బోయర్లకూ మధ్య బోయర్ యుద్ధం మొదలైంది. పూర్ అక్కడ ప్రొవోస్ట్ మార్షల్‌గా (సైనిక పోలీసు అధికారిగా) పనిచేశాడు. మళ్లీ అలాంటి సీజన్ రాలేదు. దాన్ని బట్టి ఆయన స్థాయిని తగ్గించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

స్కోర్‌బుక్:
జాలి వేరు, రికార్డు వేరు. సీజన్ సగటుకు కనీసం 30 ఇన్నింగ్స్ షరతు పెట్టాలి. 1930లో బ్రాడ్‌మన్ 36 ఆడాడు.

మూడోస్లిప్:
1938లో అదే బ్రాడ్‌మన్ ఆడినవి 26. సగటు 115.66. మీ షరతు పెడితే అదీ కొట్టేయాలి. కొట్టేస్తారా?