సాయం డబ్బుగా ఇవ్వాలా, వస్తువులుగా ఇవ్వాలా? ఇద్దరు పిల్లల తల్లి విషయంలో సలహా కావాలి

ప్రశ్న (విశాఖపట్నం, మర్రిపాలెం నుంచి)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో మూడు ఇళ్లలో పనిచేసే ఆవిడ భర్త నాలుగు నెలల కిందట చనిపోయారు. ఆటో నడిపేవారు. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. కంచరపాలెం వైపు కొండవాలులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. మా ఫ్లాట్ల వాళ్లం కలిసి 30,000 రూపాయలు పోగుచేశాం. పేచీ అక్కడే మొదలైంది. కుట్టుమిషన్ కొనిద్దామని కొందరు, ఆరు నెలలకు సరిపడా బియ్యం, సరుకులు వేయిద్దామని కొందరు. నాకైతే డబ్బే ఇవ్వాలని ఉంది. కానీ "చేతిలో డబ్బు నిలవదండీ, నాలుగు రోజుల్లో అయిపోతుంది" అంటే ఏం చెప్పాలో తోచలేదు. అసలు ఆవిడకు కుట్టుపని వచ్చా అని మాలో ఒక్కరూ అడగలేదని ఇది రాస్తుంటే గుర్తొచ్చింది. ఇలాంటి సాయం చేసినవాళ్లు, అందుకున్నవాళ్లు చెప్పండి. ప్రభుత్వం నుంచి ఏమేం వస్తాయో కూడా తెలిస్తే చెప్పండి.

జవాబు (అరిలోవ నుంచి)

అమ్మా, నేను అందుకున్నదాన్ని. హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది మా ఆయన పోయారు. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. పెద్దకర్మ అయ్యేసరికి మా గదిలో మూడు పాతిక కిలోల బియ్యం బస్తాలు ఉన్నాయి. ఎంతో ప్రేమగా తెచ్చినవే, కొండ మీదకు మెట్లన్నీ ఎక్కి భుజాన మోసుకొచ్చి ఇచ్చారు. కానీ కార్డు మీద మాకు బియ్యం ఎలాగూ వస్తాయి. నాకు లేనిది అద్దె. రెండు బస్తాలు వీధి చివరి కొట్లో సగం ధరకు అమ్మాను. ఇచ్చినవాళ్లు ఎవరైనా చూస్తే బాధపడతారని చీకటి పడ్డాక తీసుకెళ్లాను. మూడో బస్తాకు పురుగు పట్టింది.

ఇక రోజువారీ ఫైనాన్స్ సంగతి. పదివేలు అంటే చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పిల్లకు జ్వరమొచ్చి రెండు రోజులు పనికి వెళ్లకపోతే మూడో రోజు సాయంత్రం అతను గుమ్మం దగ్గర నిలబడతాడు. ఆ కట్టు కోసం ఇంకోచోట అప్పు, దాని కోసం కమ్మలు తాకట్టు. నేను రాత్రుళ్లు కల్యాణ మండపంలో గిన్నెలు తోమడానికి వెళ్లేదాన్ని, పాపను గదిలో పెట్టి బయట గొళ్లెం వేసి. ఈ మాట ఇప్పుడు రాయడానికి కూడా చెయ్యి ఆడటం లేదు.

మా ఆయన పనిచేసిన చోట మేస్త్రీ ఒకాయన నెల నెలా ఒకటో తారీఖున 2,000 ఇచ్చారు, పది నెలలు. ఎందుకు ఖర్చు పెట్టావని ఒక్కసారీ అడగలేదు. మొదటి నెల అద్దెకు పోయింది. రెండో నెల నుంచి రాత్రి పని మానేశాను. ఆ డబ్బుతో నేను కొన్నది అదే, రాత్రిపూట పిల్ల పక్కన పడుకోవడం. కుట్టుమిషన్ అయినా బియ్యం అయినా ఆ పని చేయలేవు.

కాబట్టి ఆవిడను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, ఎక్కడెక్కడ ఎంత బాకీ ఉందో. 20,000 అప్పు ఐదు రూపాయల వడ్డీకి ఉందనుకోండి, నెలకు వెయ్యి వడ్డీకే పోతుంది. అసలు తీర్చేస్తే ఆ వెయ్యి ప్రతి నెలా ఇంట్లోనే ఉంటుంది. మిగతా పదివేలు నెలకు రెండు వేల చొప్పున ఐదు నెలలు ఇవ్వచ్చు. అప్పు లేకపోతే మొత్తం నెలనెలా ఇవ్వండి, తారీఖు మాత్రం తప్పకండి. వస్తుందో రాదో తెలియని పదివేల కంటే ఐదో తారీఖున ఖాయంగా వచ్చే రెండు వేలు ఎక్కువ టెన్షన్ తగ్గిస్తాయి. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి. పాప ఏడో తరగతి అంటున్నారు, అన్నీ తెలిసే వయసు.

వ్యాఖ్య (సీతమ్మధార నుంచి)

మీరు చెప్పింది నిజమేనండీ. కానీ అందరూ ఒకేలా ఉండరు కదా. తమ్ముడో మరిదో వచ్చి లాక్కుంటే, తాగుడుకి పోతే? వస్తువులైతే ఆ భయం ఉండదు.

జవాబు (గోపాలపట్నం నుంచి)

ఈ భయం చాలామందికి ఉంది, అందుకే దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పోపోవా పలు దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, నగదు సాయం అందినందువల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరగలేదని తేలింది. మన దేశంలోనే, మధ్యప్రదేశ్ గ్రామాల్లో 2011లో 'సేవా' (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం ప్రయోగం చేసింది. షరతులేమీ లేకుండా పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 చొప్పున ఇచ్చారు, తర్వాత 300, 150కి పెంచారు. పిల్లల వాటా తల్లి చేతికే. తిండి మెరుగైంది, పిల్లలు బడికి వెళ్లడం పెరిగింది, పని మానేసి కూర్చున్నది లేదు.

లాక్కునే మనుషులు లేరని అనను. దానికి మందు బియ్యం కాదు, ఆవిడ పేరు మీద ఖాతా. అన్నట్టు, కుట్టుమిషన్‌ను కూడా లాక్కుని అమ్మేయచ్చు.

జవాబు (పెదగంట్యాడ నుంచి)

బ్యాంకులో ఇరవై ఏళ్లు పనిచేశాను కాబట్టి ఖాతా సంగతి చెప్తాను. ఇక్కడ తేడా వస్తే మిగతా పథకాలన్నీ వృథా.

ఆవిడకు జన్‌ధన్ ఖాతా ఉందో లేదో చూడండి, అందులో కనీస నిల్వ అక్కర్లేదు. ఫోన్ నంబరు ఆవిడదే ఉండాలి, ఏటీఎం కార్డు ఆవిడ దగ్గరే ఉండాలి. చాలామందికి భర్త నంబరే ఉంటుంది. అది మార్పించకపోతే మెసేజ్‌లు, ఓటీపీలు ఆగిపోతాయి.

రెండోది ఇంకా ముఖ్యం. ఆధార్ ఆధారంగా ప్రభుత్వం వేసే డబ్బు, చివరిసారి ఏ బ్యాంకులో ఎన్‌పీసీఐ సీడింగ్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో నమోదు చేయడం) చేయిస్తే ఆ ఖాతాలోనే పడుతుంది. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. మా బంధువుల అమ్మాయి విషయంలో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పిల్లల డబ్బు పడింది. పడలేదనుకుని ఆమె రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్థితి చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. దగ్గర కూర్చుని ఐదు నిమిషాలు చూసిపెట్టండి, అది కూడా సాయమే.

ఇక రావాల్సినవి. వితంతు పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. కొత్త దరఖాస్తు ఎప్పుడు తీసుకుంటారో వార్డు సచివాలయంలో అడిగి, కాగితాలు ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. భర్త మరణ ధ్రువపత్రంలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వెనక్కి పంపిస్తారు. తల్లికి వందనం కింద 2025 జూన్‌లో ఒక్కో బిడ్డకు 13,000 తల్లి ఖాతాలో వేశారు, 75 శాతం హాజరు ఉండాలి. దీపం కింద ఏడాదికి మూడు ఉచిత గ్యాస్ సిలిండర్లు, కాకపోతే సాధారణంగా ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాకు వస్తుంది. ఆ ముందు కట్టే డబ్బు లేకే కొందరు సిలిండర్ బుక్ చేయరు. మీ రెండు వేలు అలాంటి చోట కూడా పనికొస్తాయి.

చాలామందికి తెలియనిది మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్. భర్త చనిపోయిన, విడిపోయిన, వదిలేసిన తల్లుల పిల్లలకు ఒక్కొక్కరికి నెలకు 4,000. పట్నంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి, కమిటీ చూసి మంజూరు చేస్తుంది. వెంటనే రాకపోవచ్చు. అంతవరకు ఇల్లు నిలబడటానికే మీరు పోగుచేసిన ముప్పై వేలు.

మర్రిపాలెం నుంచి, తొమ్మిది రోజుల తర్వాత

అందరికీ ధన్యవాదాలు. అరిలోవ అక్కగారి జవాబు మా ఫ్లాట్ల వాళ్లకు చదివి వినిపించాను, కుట్టుమిషన్ అన్నవాళ్లే ముందు ఒప్పుకున్నారు.

ఆవిడను ఇంట్లో కూర్చోబెట్టి డబ్బు సంగతి చెప్తే మొదట అడిగిన మాట, "ఇది అప్పామ్మా? ఎప్పటికి తీర్చాలి?" కాదని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తర్వాత చీటీ మీద లెక్క రాశాం. ఆటో మరమ్మతుకు తెచ్చిన అప్పు 18,000 అలాగే ఉంది, ఐదు రూపాయల వడ్డీ. అద్దె రెండు నెలలు బాకీ. స్కూల్ ఆటోకు డబ్బు కట్టలేక బాబును నెల రోజులుగా నడిపించే తీసుకెళ్తోందట, అందుకే మా ఇంటికి ఆలస్యంగా వస్తోంది. నేను ఆలస్యానికి రెండుసార్లు కోప్పడ్డాను కూడా.

అప్పు తీర్చేసింది, నోటు వెనక్కి తీసుకుంది. మిగిలిన 12,000 నెలకు రెండు వేలు, ఐదో తారీఖున ఖాతాలో వేస్తాం. ఫోన్ నంబరు భర్తదే ఉంది, పెదగంట్యాడ గారు చెప్పినట్టే. బ్యాంకుకు తీసుకెళ్లి మార్పించాం. సోమవారం పిల్లల కాగితాలు పట్టుకుని బాలల సంరక్షణ ఆఫీసుకు వెళ్తున్నాం. ఆ రోజు మూడు ఇళ్లలోనూ జీతం కోయకూడదని అనుకున్నాం.