పిన్నికి జ్వరం తగ్గట్లేదు, వైజాగ్‌లో ఎక్కడ చూపించాలి?

మా పిన్నిది ఆనందపురం దగ్గర పల్లెటూరు. వయసు 52. రెండు నెలలుగా సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు కాలిపోతోంది, రాత్రి చెమటలకి చీర తడిసిపోతోంది, కీళ్ళ నొప్పులు. మనిషి సగమైపోయింది. మలేరియా, టైఫాయిడ్, డెంగీ పరీక్షల్లో ఏమీ లేదు. కళ్లె పరీక్షలో టీబీ కనిపించలేదు, కానీ ఊపిరితిత్తుల్లో కాకుండా వేరేచోట వచ్చే టీబీ అందులో తెలియదు కదా. పైగా ఇంట్లో గేదెలున్నాయి, ఈనినప్పుడు దగ్గరుండి చూసుకునేది పిన్నే. పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లోసిస్‌లోనూ జ్వరం ఇలాగే వస్తూ పోతూ ఉంటుంది. ఆ పరీక్ష ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ప్రతి క్లినిక్‌లోనూ యాంటీబయాటిక్ మార్చి పంపేస్తున్నారు, కారణం వెతకట్లేదు. “నా వల్ల మీకెందుకమ్మా ఇంత ఖర్చు” అని పిన్ని అంటుంటే కడుపు తరుక్కుపోతోంది.

ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ హాస్పిటల్)లో జనరల్ మెడిసిన్ ఓపీకి తీసుకెళ్ళాలా, హనుమంతవాక దగ్గరున్న ఇంకో ప్రభుత్వ ఆసుపత్రి విమ్స్ మేలా? ఇలాంటి జ్వరానికి అడ్మిట్ చేసుకుని పరీక్షలన్నీ చేస్తారా? ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. జబ్బు పేరు తేలకముందు చేసే పరీక్షలకి అది పనికొస్తుందా? రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైల్‌లో పెట్టాను, రోజూ టెంపరేచర్ చూసి రాస్తున్నాను. ఇంకేం తీసుకెళ్ళాలో, ముందు ఎవరిని కలవాలో తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.