రెండో కాన్పు ముందు చీటీ పాడుకోవాలా, ఆగాలా?

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో, గాజువాక దగ్గర అద్దె ఇంట్లో ఉంటున్నాము. మావారి జీతం 32 వేలు. కుట్టుపని మీద నాకు వచ్చే నాలుగైదు వేలు, ఏడో నెలలో మిషను తొక్కలేక, దాదాపు ఆగిపోయాయి. పాపకు నాలుగేళ్లు, రెండో కాన్పుకు రెండు నెలలే ఉంది.

పాప ఊయల, గుడ్డలు అటక మీది ట్రంకుపెట్టెలోంచి దించి ఎండలో వేశాను కాబట్టి ఆ ఖర్చు లేదు. కూరగాయలు రైతుబజారువే (ఆలస్యంగా వెళితే వంకాయలు చౌక, కాని పుచ్చులు ఏరుకోవాలి). పాప పేరిట సుకన్య సమృద్ధి ఖాతాలో నెలకు వెయ్యి వేస్తున్నాము. ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే ఖాతా నిలుస్తుంది కనుక ఈసారికి తగ్గించవచ్చు, మనసే ఒప్పడం లేదు.

అసలు చిక్కు చీటీతో వచ్చింది. 20 నెలల లక్ష రూపాయల చీటీలో ఎనిమిది వాయిదాలు కట్టాము. ఇప్పుడు పాడుకుంటే పదిహేను వేలైనా వదులుకోవాలి, ఆగితే ఆపరేషన్ అవసరమైనప్పుడు చేతిలో డబ్బుండదు. గాజులు తాకట్టు పెట్టమని అత్తయ్యగారు, ఘోషాసుపత్రికి (ఇక్కడి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి) వెళితే ఇంత బెంగే ఉండదని, తన పిల్లలిద్దరూ అక్కడే పుట్టారని ఆడపడుచు అంటున్నారు.

చీటీ ఇప్పుడే పాడుకోవడం మేలా, లేక గాజుల మీద బ్యాంకులో అప్పు తీసుకుని, తరువాత చీటీ సొమ్ముతో విడిపించుకోవడం మేలా? అనుభవమున్నవారు వడ్డీ లెక్కతో సహా వివరించగలరని కోరుతున్నాను.